చీటీలు తీసి కొన్న షేర్లు, నిపుణుడు ఎంచిన షేర్లు

మదుపు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సందేహం చుట్టూ తిరిగాయి. ఫండ్ మేనేజర్‌కు మనం చెల్లిస్తున్న ఫీజుకు తగిన పని జరుగుతోందా, లేదా అని. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని. రిటైర్మెంటు లెక్కలో కొంత మ్యూచువల్ ఫండ్లలో పెట్టినాను. బెంగళూరులో ఉండే మా అబ్బాయి "కోతి చేత చీటీలు తీయించి షేర్లు కొన్నా ఇంతే వస్తాది నాయనా" అంటున్నాడు. కోట్ల జీతాలు తీసుకుంటూ పొద్దస్తమానం కంపెనీల లెక్కలు చూసేవాళ్లు చీటీల కంటే తీసిపోతారా?
– బి.క్యాంపు, కర్నూలు

జవాబు: మీ అబ్బాయి చెప్పిన కోతి మాటకు యాభై ఏళ్లు దాటాయి. కళ్లకు గంతలు కట్టిన కోతి పేపర్లో షేర్ల పేజీ మీదికి బాణాలు విసిరినా, నిపుణులు ఏరి కూర్చిన షేర్లతో సమానంగానే ఉంటుందని 1973లో ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు బర్టన్ మాల్కియెల్ రాశారు. 1988లో వాల్ స్ట్రీట్ జర్నల్ దాన్ని నిజంగానే పోటీగా పెట్టింది. ఒక వైపు నిపుణులు తలా ఒక షేరు చెబుతారు. రెండో వైపు పత్రిక సిబ్బంది షేర్ల జాబితా మీదికి బాణాలు విసురుతారు. 1998 నాటికి వంద పోటీలు పూర్తయ్యాయి. అందులో 61 సార్లు నిపుణులు బాణాల మీద నెగ్గారు. ఆరు నెలల సగటు పెరుగుదల నిపుణులకు 10.8 శాతం, బాణాలకు 4.5 శాతం, డౌ జోన్స్ సూచీకి (ఎంచిన పెద్ద కంపెనీల షేర్ల కదలికను కలిపి చూపే అంకె) 6.8 శాతం.

ఇంతవరకే చదివితే మీ అబ్బాయి ఓడిపోయినట్టే. కానీ అదే పోటీలో డౌ జోన్స్ సూచీని నిపుణులు దాటింది 51 సార్లు మాత్రమే, అంటే దాదాపు సగం సగం. పైగా ఆ షేరు పేరు పత్రికలో అచ్చయిన రెండు రోజుల్లోనే సగటున 4 శాతం దాకా అదనంగా ఎగిసి, తర్వాతి వారాల్లో అందులో కొంత దిగిపోయినట్టు పరిశోధకులు లెక్కగట్టారు. చదివినవాళ్లు ఎగబడి కొనడం వల్ల వచ్చిన లాభం అది. బాణానికి ఆ ప్రచారం ఉండదు. నిపుణులు ఎంచినవాటిలో ఒడుదొడుకులు ఎక్కువగా ఉండే షేర్లు ఎక్కువ, మార్కెట్ పెరిగే రోజుల్లో అవి తక్కినవాటి కంటే ఎక్కువ పెరుగుతాయి. వీటన్నిటికంటే ముఖ్యం, ఆ పోటీలో ఫీజు లేదు. మీ ఫండ్‌లో ఉంది.

ఫీజు దగ్గరే అసలు విషయం ఉంది. అంతకు ముందు ఏడాదే నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త విలియం షార్ప్ 1991లో దీన్ని కూడికలు, తీసివేతలతోనే తేల్చారు. మార్కెట్లో ఉన్న ప్రతి షేరూ ఎవరో ఒకరి చేతిలో ఉంటుంది. సూచీని ఉన్నదున్నట్టు కొన్నవాళ్లకు మార్కెట్ సగటు వస్తుంది. తక్కినవాళ్లందరినీ కలిపితే వాళ్ల దగ్గర ఉన్నది మార్కెట్లో మిగిలిన భాగమే కాబట్టి, ఆ గుంపుకూ అదే సగటు రావాలి. ఒకరు సగటును మించితే ఇంకెవరో ఆ మేరకు తగ్గాలి. ఇందులోంచి ఫీజులు, కొనుగోలు అమ్మకాల ఖర్చులు తీసేస్తే ఆ గుంపు సగటు మార్కెట్ సగటు కంటే కిందికి పోతుంది. ఇందులో మేనేజర్ల తెలివి తక్కువేమీ కాదు. వాళ్లు అమ్మే షేరును కొనేవాడు కూడా అంతే చదువుకున్నవాడు, అవే లెక్కలు చూసినవాడు. అంతకు చాలా ముందే, 1968లో, మైకేల్ జెన్సెన్ 1945 నుంచి 1964 వరకు 115 అమెరికన్ ఫండ్ల లెక్కలు తీసి, సగటున అవి మార్కెట్‌ను మించలేదని చూపించారు.

మన దేశంలో ఒక తేడా ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. ఇక్కడ షేర్లన్నీ ఒక్క మ్యూచువల్ ఫండ్ల దగ్గర మాత్రమే లేవు. ప్రమోటర్లు, విదేశీ సంస్థలు, ఎల్‌ఐసీ, కోట్లమంది చిన్న మదుపరులు ఉన్నారు. చిన్న మదుపరులు పోగొట్టుకున్నంత కాలం ఫండ్లన్నీ కలిసి గెలవడం లెక్క ప్రకారం సాధ్యమే. అయితే పాత బ్రోచర్లలో కనిపించే ఘనవిజయాలకు ఇంకో రెండు కారణాలున్నాయి. 2018 ఫిబ్రవరికి ముందు ఫండ్లు తమ రాబడిని డివిడెండ్లు (కంపెనీలు పంచే లాభం) కలపని సూచీతో పోల్చుకునేవి. మన పెద్ద కంపెనీల సూచీ నిఫ్టీకి డివిడెండ్ రూపంలో ఏటా ఒకటి, ఒకటిన్నర శాతం వస్తుంది. ఆ మేరకు గెలుపు ఊరికే వచ్చినట్టు కనిపించేది. రెండోది, 2017 అక్టోబరులో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ కట్టడి చేసేదాకా లార్జ్ క్యాప్ (పెద్ద కంపెనీల) పేరుతో ఉన్న ఫండ్ మధ్యతరహా కంపెనీల షేర్లను ఇష్టమొచ్చినంత పెట్టుకోగలిగేది. ఇప్పుడు కనీసం 80 శాతం మార్కెట్ విలువలో తొలి వంద కంపెనీల్లోనే ఉండాలి. ఈ రెండూ సరిదిద్దాక లార్జ్ క్యాప్ ఫండ్ల ఆధిక్యం బాగా కరిగింది. ఎస్ అండ్ పీ సంస్థ ఫండ్లను సూచీతో పోల్చి విడుదల చేసే స్పైవా నివేదికల్లో పదేళ్ల లెక్క తీస్తే, ఈ తరగతి ఫండ్లలో సగానికి మించినవి సూచీ కంటే వెనకే ఉంటున్నాయి.

ఒక్క శాతం ఫీజు ఎంత తింటుందో చూడండి. నెలకు 10,000 రూపాయల చొప్పున 20 ఏళ్లు పెడితే, ఏడాదికి 12 శాతం చొప్పున పెరిగితే చేతికొచ్చేది సుమారు 99.9 లక్షలు. 11 శాతం చొప్పున అయితే సుమారు 87.4 లక్షలు. తేడా పన్నెండున్నర లక్షలు. మేనేజర్ గెలుస్తాడా అన్నది అనుమానం, ఈ కోత మాత్రం ఖాయం.

కాబట్టి మీ అబ్బాయి మాట సగం నిజం. చీటీలు తీసి కొనమని మాత్రం మేం చెప్పం. ఆ జాబితా మొత్తాన్ని తక్కువ ఖర్చుతో కొనే ఇండెక్స్ ఫండ్ ఉన్నప్పుడు చీటీలతో పనేముంది?

ప్రశ్న: మా బీకాం ఫైనలియర్ పిల్లలతో ఈ ప్రయోగం క్లాసులోనే చేయించాలనుకుంటున్నాను. నలభై మంది ఉన్నారు. ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ తప్పులు దొర్లుతాయి?
– డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు, అనంతపురం

జవాబు: చాలా మంచి ఆలోచన మేడమ్. ఇది కాస్త పెద్ద జవాబు.

జాబితాతో మొదలుపెట్టండి. నిఫ్టీ 100 కంపెనీల జాబితా ఎన్‌ఎస్‌ఈ సూచీల వెబ్‌సైట్లో దొరుకుతుంది. గడిచిన ఐదేళ్ల మీద ప్రయోగం చేయాలనుకుంటే ఈరోజు జాబితా వాడకూడదు, ఐదేళ్ల కిందటి జాబితా కావాలి. ఈరోజు జాబితాలో ఉన్నవన్నీ ఈ ఐదేళ్లలో నిలిచినవి, పెరిగి పైకొచ్చినవి. పడిపోయినవి ఎప్పుడో బయటికి వెళ్లిపోయాయి. ఆ జాబితా మీద చీటీలు తీస్తే ప్రతి విద్యార్థీ మేధావే అవుతాడు. సూచీలో మార్పులు ఏటా మార్చి, సెప్టెంబరు నెలాఖరుల్లో జరుగుతాయి, వాటి ప్రకటనలు అదే సైట్లో ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పుకుంటూ పోతే పాత జాబితా వస్తుంది. అంత ఓపిక లేకపోతే ఈరోజు జాబితాతోనే మొదలుపెట్టి రాబోయే ఏడాది గమనించండి. మా దృష్టిలో పిల్లలకు అదే మేలు. ఫలితం ముందే తెలియదు కాబట్టి ఎవరూ దొంగలెక్క చేయలేరు.

ఎంపికకు ఎక్సెల్ చాలు. కంపెనీ పేర్ల పక్క వరసలో ర్యాండ్ ఫార్ములా వేస్తే ప్రతి పేరుకూ ఒక అంకె వస్తుంది. ఆ అంకెల్ని కాపీ చేసి, పేస్ట్ స్పెషల్‌లో వాల్యూస్‌గా అక్కడే అతికించాలి. ఈ పని మరిచిపోతే షీటులో ఎక్కడ ఏ గడి ముట్టుకున్నా అంకెలన్నీ మారిపోతాయి, నిన్నటి చీటీ ఇవాళ ఉండదు. తర్వాత అంకెల వరస ప్రకారం సార్ట్ చేసి పైనున్న పది తీసుకోవాలి. నచ్చని కంపెనీ వచ్చిందని మళ్లీ తీయడం కుదరదు. ఒక్కో షేరులో 10,000 చొప్పున కాగితం మీద లక్ష రూపాయలు పెట్టినట్టు రాసుకోవాలి. కొన్నప్పుడూ అమ్మినప్పుడూ 0.1 శాతం చొప్పున ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీ పన్ను), కొనేటప్పుడు 0.015 శాతం స్టాంపు డ్యూటీ తీసేయండి.

ధరల దగ్గరే పిల్లలు ఎక్కువ తప్పులు చేస్తారు. ఒకటికి ఒకటి బోనస్ ఇస్తే మర్నాడు ధర సగమవుతుంది. షేర్ల సంఖ్య రెట్టింపు చేయకపోతే 50 శాతం నష్టమని రాస్తారు. 2024 అక్టోబరులో రిలయన్స్ బోనస్ ఇచ్చినప్పుడు ధర అలాగే సగమైంది. విభజన ఇంకా తిరకాసు. 2023 జులైలో రిలయన్స్ నుంచి జియో ఫైనాన్షియల్, 2025 జనవరిలో ఐటీసీ నుంచి హోటళ్ల వ్యాపారం విడిపోయాయి. కొత్త కంపెనీ షేర్ల విలువను కలిపితేనే లెక్క సరిపోతుంది. డివిడెండ్లు వచ్చిన తేదీన కలుపుకోవాలి.

పోలికకు మూడు గీటురాళ్లు పెట్టండి: నిఫ్టీ 100 టీఆర్‌ఐ, నిఫ్టీ 100 ఈక్వల్ వెయిట్ టీఆర్‌ఐ, లార్జ్ క్యాప్ ఫండ్ల డైరెక్ట్ గ్రోత్ ప్లాన్ల (ఏజెంటు కమీషన్ లేకుండా, లాభాన్ని పంచకుండా ఫండ్‌లోనే ఉంచేవి) సగటు. టీఆర్‌ఐ అంటే డివిడెండ్లు కలిపిన సూచీ. ఫండ్ల ఎన్‌ఏవీలు (ఒక్కో యూనిట్ విలువ) ఫండ్ల సంఘం యాంఫీ సైట్లో రోజువారీగా ఉంటాయి. ప్రయోగం మొదలైన రోజున ఉన్న ఫండ్లన్నీ లెక్కలోకి రావాలి, మధ్యలో వేరేదాంట్లో కలిపేసినవి కూడా.

ఈక్వల్ వెయిట్ సూచీ ఎందుకంటే, మీ చీటీల్లో ప్రతి కంపెనీకీ సమాన డబ్బు పెడుతున్నారు. మామూలు నిఫ్టీలో పెద్ద కంపెనీకి పెద్ద వాటా, చిన్నదానికి చిన్న వాటా. సమానంగా పంచితే చిన్న కంపెనీల వైపు మొగ్గు వస్తుంది. అవి బాగా పెరిగిన ఏడాది చీటీలన్నీ నిఫ్టీని ఓడిస్తాయి, పెద్దవి పెరిగిన ఏడాది అన్నీ ఓడతాయి. అది చీటీ గొప్పతనమూ కాదు, చేతకానితనమూ కాదు. లండన్ కాస్ బిజినెస్ స్కూల్ పరిశోధకులు 2013లో కంప్యూటర్ చేత షేర్లను గుడ్డిగా ఎంచే కోటి కోతి సూచీలు తయారు చేయించి, 1968 నుంచి 2011 వరకు అమెరికా పెద్ద కంపెనీల మీద నడిపితే దాదాపు అన్నీ మార్కెట్ విలువ ఆధారిత సూచీని మించాయి. అందులో పెద్ద పాత్ర ఈ మొగ్గుదే. కోతి గెలిచిందన్న వార్త కనిపించినప్పుడల్లా పిల్లల చేత మొదట అడిగించాల్సిన ప్రశ్న, వాటాలు ఎలా పంచారు అనే.

ఏడాది తర్వాత ఏం కనిపిస్తుంది? నలభై మంది సగటు ఈక్వల్ వెయిట్ సూచీకి దగ్గరగా ఉండాలి. మనుషుల మధ్య తేడా మాత్రం చాలా ఉంటుంది. ఒక్కో షేరు మార్కెట్ సగటు నుంచి ఏడాదిలో 25 శాతం అటూ ఇటూ పోతుందనుకుంటే, పది షేర్ల బుట్టకు ఆ తేడా 25ను పది వర్గమూలంతో భాగించినంత, అంటే 8 శాతం దాకా ఉంటుంది. నలభై మందిలో ఆరుగురు సగటు కంటే 8 శాతానికి పైగా ఎక్కువ సంపాదిస్తారు, ఏమీ తెలియకుండానే. ప్రయోగంలో అసలు పాఠం రెండో ఏడాది ఉంది. ఆ ఆరుగురి చేత మళ్లీ చీటీలు తీయించండి. ముగ్గురు సగటుకు కింద తేలితే ఆశ్చర్యపోవద్దు.

ప్రశ్న: మా అంగడి పక్కనే ఉండే ఆయన నన్ను ఒక వాట్సాప్ గ్రూపులో చేర్పించినాడు. వారం వారం ఒక షేరు పెరుగుతుందో తగ్గుతుందో చెబుతారు. వరసగా ఆరు వారాలు కరెక్టుగా జరిగింది. ఇప్పుడు ప్రీమియం గ్రూపుకు 25,000 అడుగుతున్నారు. బంగారం వ్యాపారంలో ముప్పై ఏళ్లుగా ఉన్నా ఇంత కచ్చితంగా చెప్పినోళ్లను చూళ్లేదు. కట్టమంటారా?
– ప్రొద్దుటూరు

జవాబు: కట్టకండి. వరసగా ఆరుసార్లు సరిగ్గా చెప్పడానికి తెలివి అక్కర్లేదు, ఫోన్ నంబర్లు ఎక్కువ ఉంటే చాలు. 1,024 మందితో మొదలుపెట్టి సగం మందికి పెరుగుతుందని, సగం మందికి తగ్గుతుందని పంపుతారు. వారం తిరిగేసరికి 512 మందికి సరైనది వెళ్లి ఉంటుంది. తప్పు వెళ్లినవాళ్లను వదిలేసి ఆ 512 మందిని మళ్లీ రెండుగా చీలుస్తారు. 256, 128, 64, 32, ఆరో వారం చివరికి 16 మంది. ఆ పదహారు మందికీ ఆరుకు ఆరు నిజమైన సలహాలే వచ్చాయి. మిగిలిన 1,008 మందికి ఏం వెళ్లిందో ఆ పదహారు మందికి తెలిసే దారి లేదు. మీరు చేరిన గ్రూపు ఇలాగే చేసిందని రుజువు లేకపోయినా, ఆరుసార్ల గెలుపుకు విలువ ఎంతో దీన్ని బట్టి అర్థమవుతుంది.

ఎవరైనా షేరు సలహాకు డబ్బడిగితే సెబీ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. రీసెర్చ్ అనలిస్టులకు ఐఎన్‌హెచ్ అని, ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్లకు ఐఎన్‌ఏ అని నంబరు మొదలవుతుంది. వాళ్లు పంపిన సర్టిఫికెట్ ఫొటోను నమ్మకుండా సెబీ వెబ్‌సైట్లో ఆ నంబరు మీరే కొట్టి, పేరు, ఫోన్ సరిపోతున్నాయో చూడండి. ఇంత లాభం గ్యారంటీ అన్న మాట వినిపిస్తే అక్కడే ఆగిపోండి, రిజిస్టరైనవాళ్లకు ఆ మాట చెప్పే అనుమతే లేదు. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. మొదటి గంటల్లో చెబితేనే ఖాతాలో డబ్బు నిలిపివేయించే అవకాశం ఎక్కువ.

ప్రశ్న: ఫండ్లు ముప్పై, నలభై, యాభై షేర్లు పెట్టుకుంటాయి కాబట్టే సగటుకు మించడం లేదని నా అభిప్రాయం. బాగా చూసి ఐదే ఐదు కొంటే?
– పత్తికొండ, కర్నూలు జిల్లా

జవాబు: మీకు దగ్గరే ఉన్న జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర పొలాల్లో తొలకరి పడగానే వజ్రాల కోసం ఎంతమంది వెతుకుతారో మీకు తెలిసిందే. రాయి దొరికినవాడి పేరే పేపర్లో వస్తుంది. షేర్ల రాబడి కూడా చాలావరకు అలాగే కొద్ది చోట్ల పోగుపడి ఉంటుంది. అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు హెండ్రిక్ బెస్సెంబైండర్ 1926 నుంచి 2016 వరకు అమెరికాలో నమోదైన దాదాపు 25,300 కంపెనీల లెక్క తీశారు. ప్రభుత్వ ట్రెజరీ బిల్లుల (ప్రభుత్వం తీసుకునే స్వల్పకాలిక అప్పు పత్రాలు) కంటే అదనంగా పుట్టిన సంపద మొత్తం 4 శాతం కంపెనీల నుంచే వచ్చింది. మిగతావన్నీ కలిపి బిల్లులతో సరిసమానం. షేర్లలో సగానికి పైగా జీవితకాలంలో బిల్లులంత రాబడి కూడా ఇవ్వలేదు.

దీన్ని మీ ఐదు షేర్లకు వర్తింపజేయండి. చీటీ తీసి ఐదు కొంటే, ఆ 4 శాతంలో ఒక్కటైనా మీ దగ్గర ఉండే అవకాశం 18 శాతం చిల్లర. ముప్పై కొంటే 70 శాతం. మొత్తం సూచీ కొంటే అందులో ఉన్నవన్నీ మీ దగ్గరే ఉంటాయి. కొద్ది షేర్లు పెట్టుకున్నవాళ్లలో సగం కంటే ఎక్కువమంది సగటుకు కింద మిగలడానికి కారణం ఇదే. బాగా చూసి కొంటాననే మీ మాట మీద మాకు అగౌరవం లేదు. కానీ ఆ చూపు ఎంత బాగుండాలో ఈ అంకెలు చెబుతున్నాయి. ఫండ్ మేనేజర్ కూడా ఇదే చిక్కులో ఉంటాడు. ఆ కొద్ది కంపెనీల్లో ఒకటి వదిలేస్తే మిగతా ముప్పై తొమ్మిది బాగా ఎంచినా వెనకబడతాడు.

ప్రశ్న: నా లార్జ్ క్యాప్ ఫండ్ వరసగా ఐదేళ్లు సూచీని దాటింది. రెగ్యులర్ ప్లాన్. లాభం దాదాపు 4 లక్షలుంది. మేనేజర్ సమర్థుడనే గదా అర్థం? ఉంచాలా, తీసేయాలా?
– ఎర్రముక్కపల్లె, కడప

జవాబు: ఐదేళ్ల గెలుపు చూసి సమర్థుడని తేల్చలేం, అసమర్థుడనీ అనలేం. గెలుపోటములు సగం సగం అవకాశమనుకుంటే వరసగా ఐదుసార్లు గెలవడం ముప్పై రెండింట ఒకరికి జరుగుతుంది. లార్జ్ క్యాప్ తరగతిలో ఉన్న ఫండ్లు ముప్పై చిల్లర. అంటే అందరూ చీటీలే తీసినా ఒక ఫండ్ మీ ఫండ్‌లాగే కనిపించాలి. నిజంగా ఏటా 2 శాతం ఎక్కువ తేగల మేనేజర్ ఉన్నాడనుకుందాం. అతని రాబడి సూచీ నుంచి ఏటా 6 శాతం అటూ ఇటూ ఊగుతుంటే, ఆ 2 శాతం అదృష్టం కాదని గణాంకశాస్త్రం ఒప్పుకునేంత సాక్ష్యానికి 36 ఏళ్ల లెక్కలు కావాలి. అంతకాలం ఒకే ఫండ్‌లో ఒకే మేనేజర్ ఉండడం అరుదు.

అందుకని గెలుపు కంటే గెలిచిన తీరు చూడండి. ఫండ్ సంస్థ నెలనెలా ఇచ్చే ఫ్యాక్ట్‌షీట్ తీయండి. పోల్చిన సూచీ పక్కన టీఆర్‌ఐ అని ఉందా? ఇప్పుడున్న మేనేజర్ ఎప్పుడు చేరాడు? మూడేళ్ల కిందటే చేరి ఉంటే మొదటి రెండేళ్ల గెలుపు వేరొకరిది. ఎక్స్‌పెన్స్ రేషియో (ఏటా కోసే ఖర్చు శాతం) ఎంత, డైరెక్ట్ ప్లాన్‌కు ఎంత? మొదటి పది షేర్లూ నిఫ్టీ మొదటి పది షేర్లూ పక్కపక్కన రాయండి. ఎనిమిది అవే ఉండి వాటాలు కూడా దగ్గరగా ఉంటే, మీరు సూచీనే ఎక్కువ ధరకు కొంటున్నారు. ఏడాది వారీ గెలుపు కాక, ఏ నెలలో మొదలుపెట్టినా మూడేళ్లకు ఎంత వచ్చిందో చూపే రోలింగ్ రాబడి చూస్తే ఒక్క మంచి ఏడాది మిగతావాటిని ఎలా మోస్తోందో బయటపడుతుంది.

మారాలనుకుంటే పన్ను లెక్క వేసుకుని మారండి. కమీషన్ ఉండే రెగ్యులర్ నుంచి అదే ఫండ్ డైరెక్ట్‌కు మారినా అది అమ్మకమే. ఏడాది దాటిన ఈక్విటీ లాభంలో ఆర్థిక సంవత్సరానికి 1.25 లక్షల వరకు పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. 4 లక్షల లాభం ఒకేసారి తీస్తే 2.75 లక్షల మీద సెస్సుతో కలిపి 35,750 రూపాయలు. సగం మార్చిలో, సగం ఏప్రిల్లో తీస్తే రెండు ఆర్థిక సంవత్సరాల మినహాయింపు దొరికి 19,500కు దిగుతుంది. మూడు నాలుగేళ్లకు పంచితే ఇంకా తగ్గుతుంది. ముందు కొన్న యూనిట్లే ముందు అమ్ముడైనట్టు లెక్క. నెలనెలా కట్టే సిప్‌లో ప్రతి వాయిదాకూ ఏడాది విడిగా మొదలవుతుంది, కాబట్టి ఈమధ్య కట్టిన పన్నెండు వాయిదాలను కదిలించకండి. వాటికి 20 శాతం పన్ను, చాలా ఫండ్లలో 1 శాతం ఎగ్జిట్ లోడు (ముందే తీసినందుకు కోత) కూడా పడతాయి. కొత్త సిప్ మాత్రం ఈ నెల నుంచే తక్కువ ఖర్చు ఫండ్‌లోకి మళ్లించవచ్చు, దానికి పన్నుతో సంబంధం లేదు.

ప్రశ్న: స్మాల్ క్యాప్‌లో అయినా మేనేజర్‌కు పని ఉంటుందా?
– రైల్వే ఉద్యోగి, గుంతకల్లు

జవాబు: పెద్ద కంపెనీల కంటే ఎక్కువే ఉంటుంది. మార్కెట్ విలువలో 251వ స్థానం నుంచి కిందికి ఉన్న కంపెనీలను పట్టించుకునే విశ్లేషకులు తక్కువ. లెక్కల్లో లోపాలున్న కంపెనీని పక్కన పెట్టడమే పెద్ద లాభం. కానీ ఫండ్ పెరిగేకొద్దీ ఆ సౌలభ్యం తగ్గుతుంది. వందల కోట్లతో కొనగలిగిన చిన్న షేరును వేల కోట్లతో కొనబోతే కొనేటప్పుడు ధర తానే ఎగదోస్తుంది, అమ్మేటప్పుడు తానే పడదోస్తుంది. 2024 మార్చి నుంచి మిడ్, స్మాల్ క్యాప్ ఫండ్లు స్ట్రెస్ టెస్ట్ ఫలితాలు నెలనెలా వెల్లడిస్తున్నాయి. పెట్టుబడుల్లో 25 శాతం, 50 శాతం అమ్మడానికి ఎన్ని రోజులు పడుతుందో అందులో ఉంటుంది. మీ ఫండ్ సంఖ్య నెలనెలా పెరుగుతూ పోతుంటే కొత్త డబ్బు అందులో పెట్టకండి.

ప్రశ్న: ఇండెక్స్ ఫండా, ఈటీఎఫా?
– పత్తి వ్యాపారి, ఆదోని

జవాబు: రెండూ సూచీనే కొంటాయి, ఈటీఎఫ్‌ను మాత్రం షేరులా మార్కెట్లో కొనాలి. నెలనెలా కట్టేవారికి ఇండెక్స్ ఫండ్. డీమ్యాట్ ఖాతా (షేర్లు ఉంచే ఖాతా) అక్కర్లేదు, ఆనాటి ఎన్‌ఏవీకే యూనిట్లు వస్తాయి. ఈటీఎఫ్ ఖర్చు కాగితం మీద తక్కువే, కానీ రోజుకు కొద్ది లావాదేవీలే జరిగే ఈటీఎఫ్‌లో అసలు విలువకు, మీరు కొన్న ధరకు అర శాతం తేడా వచ్చిందంటే చాలా ఏళ్ల ఆదా ఒక్క రోజులో పోతుంది. ఈటీఎఫే కావాలంటే లావాదేవీలు బాగా జరిగేది ఎంచుకుని, తెర మీద కనిపించే ఐ-ఎన్‌ఏవీ (ఆ క్షణానికి అసలు విలువ అంచనా) చూసుకుని, ధర మీరే నిర్ణయించే లిమిట్ ఆర్డరే పెట్టండి, మార్కెట్ ఆర్డర్ వద్దు. ఏది కొన్నా టీఆర్‌ఐకి, ఫండ్ రాబడికి మధ్య ఏడాది తేడా చూడండి. ఎక్స్‌పెన్స్ రేషియో కంటే ఆ తేడా బాగా ఎక్కువగా ఉంటే నిర్వహణలో లోపముందని అర్థం.

ప్రశ్న: మా ఫ్యాక్టరీలో పీఎఫ్ కోస్తారు. ఆ లెక్క కూడా షేర్లలో పెడతారంట, నిజమేనా? ఎవరు ఎంచుతారు ఆ షేర్లు?
– తాడిపత్రి

జవాబు: నిజమే, కొంత భాగం. 2015 ఆగస్టు నుంచి పీఎఫ్ సంస్థ కొత్తగా వచ్చే డబ్బులో ఒక వాటాను షేర్లలో పెడుతోంది. మొదట 5 శాతంతో మొదలై తర్వాత 15 శాతానికి పెంచారు. షేర్లను ఎంచే మేనేజర్ లేడు, ప్రధానంగా నిఫ్టీ, సెన్సెక్స్ ఈటీఎఫ్‌ల ద్వారా సూచీనే కొంటారు. మార్కెట్ పడినా లేచినా ఆ ఏడాదికి ప్రకటించిన వడ్డీయే మీ ఖాతాలో పడుతుంది. 2024-25కు అది 8.25 శాతం. మీ పాస్‌బుక్‌లో ఆ జమ పడిందో లేదో యూఏఎన్ (మీ పీఎఫ్ సభ్యత్వ నంబరు)తో లాగిన్ అయి చూసుకోండి.